తాతారావు బతికున్నాడనడానికి పదకొండట్లు

మొగుడు బతికే ఉన్నాడని సర్కారుకి రుజువు చేయడానికి మంగతాయారు పంతొమ్మిదేళ్ల తరవాత మళ్లీ అట్లతద్ది నోము పట్టాల్సి వచ్చింది.

అప్పటికి ఆవిడకి అరవై నాలుగేళ్లు. పన్నెండేళ్ల నాటి షుగరు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, మధ్యలో వేళ తప్పకుండా కాస్త తిండి. మొగుడు తాతారావుకి డెబ్బై దాటినా మనిషి గట్టివాడు. రోజూ కాలవ గట్టు మీద రెండు మైళ్లు నడిచొస్తాడు. వచ్చి కాఫీలో పంచదార తక్కువైందని పోట్లాడతాడు, అది తాగేసి ఇంకో గ్లాసు అడుగుతాడు. బతికుండడం అంటే ఇంతకంటే ఏం చెయ్యాలో మంగతాయారుకి తెలీదు. ఆఫీసుకి మాత్రం తెలుసు.

తాతారావు కాలవ లాకుల దగ్గర లస్కరుగా ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. పడవ వచ్చినప్పుడూ, నీళ్లు వదిలినప్పుడూ లాకు తలుపుల ఇనప చక్రం తిప్పడం ఆయన ఉద్యోగం. పింఛను తీసుకునేవాళ్లు ఏటా ఆఫీసుకి వెళ్లి, మిషను మీద వేలు పెట్టి, తాము ఇంకా ఉన్నామని చెప్పుకోవాలి. ఆ ఏడు ఆయన వేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. పది వేళ్లూ పెట్టించారు. తుడిచి పెట్టించారు, కొబ్బరినూనె రాసి పెట్టించారు, ఊదుకుని పెట్టమన్నారు. ఎన్ని చేసినా ఎర్రలైటే. చక్రం తిప్పీ తిప్పీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయని గుమాస్తా గున్నేశ్వరరావు తేల్చాడు.

ఆ ఏడు చాలామందికి అలాగే తేల్చారు. మేష్టర్లకి సుద్దముక్కల వల్ల, దర్జీకి సూది వల్ల, తహసిల్దారుగా రిటైరైన పెద్దాయనకి సంతకాల వల్ల వేళ్లు అరిగాయన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పనీ చెయ్యనివాళ్లకి ఎందుకు అరిగాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పింఛను ఆగితే ఎలాగోలా సర్దుకునేవాళ్లే. దానితోపాటు ఆరోగ్యకార్డూ ఆగింది. తాతారావుకి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. కుడికన్ను ఇంకా ఆలస్యం చేస్తే దక్కదని డాక్టరు చెప్పి, అట్లతద్ది మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషను ఖాయం చేశాడు. ఆ రోజు దాటితే మళ్లీ ఎండాకాలం వరకూ ఖాళీ లేదట. అంతా అయ్యాక ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి కంప్యూటరు చూసి, మెల్లిగా, "మామ్మగారూ, ఈయన లేరని వస్తోందండి," అంది.

"ఎక్కడ లేరమ్మా? ఇదుగో, నీ కుర్చీ తన్నుకున్నది ఈయనే."

"నాకు కనిపిస్తున్నారండి. కంప్యూటరుకి కనిపించట్లేదు. బతికున్నారని పింఛను ఆఫీసు ముద్రతో ఏ కాగితం తెచ్చినా చాలు. నేను చూసుకుంటాను."

ఏ కాగితమైనా అన్న మాట మంగతాయారు మనసులో ఉంచుకుంది.

ఆఫీసులో రెండు కిటికీలు ఉన్నాయి. ఒకదాని మీద 'సజీవులు' అనీ, రెండోదాని మీద 'మృతులు' అనీ పసుపురంగు బోర్డులు. సజీవుల కిటికీ దగ్గర తోపులాట. మృతుల కిటికీ దగ్గర చల్లగా, ప్రశాంతంగా ఉంది. రెంటి వెనకా గదిలో కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి చక్రధరరావు కూర్చుంటాడు. పరిపాలనలో సంప్రదాయాన్ని ఎలా కలపాలో ఎక్కడో మూడు రోజులు నేర్చుకుని వచ్చాడాయన. నేర్చుకున్నది చల్లారకముందే దాన్ని ఊరి మీద ప్రయోగించాలన్న పట్టుదల ఆయన ముఖంలో కనిపిస్తూ ఉంటుంది.

"చూడండమ్మా," అన్నాడు చక్రధరరావు. "యంత్రం పొరపడవచ్చును. సంప్రదాయం పొరపడదు. అట్లతద్ది ఎవరు ఆచరిస్తారు? ముత్తైదువలు. ముత్తైదువ అనగా ఎవరు? భర్త జీవించి ఉన్న స్త్రీ. కావున, భార్య సదరు వ్రతమును లోపరహితముగా ఆచరించినచో, భర్త జీవించి ఉన్నట్లు ఇందుమూలముగా నిర్ధారణ అగును. సర్క్యులర్ నంబరు పదకొండు. ముసాయిదా నాదే."

"ఆచరించకపోతేనండి?"

"ఆచరించనిచో లేనట్లు నిర్ధారణ అగును. తర్కం రెండు వైపులా పనిచేయాలి కదమ్మా."

"నేనిక్కడే ఉన్నానండి బాబూ," అన్నాడు తాతారావు, గొంతు వచ్చిన వైపుకి చెయ్యి ఊపుతూ.

చక్రధరరావు అటు చూడలేదు. "ఆయన్ని కూర్చోమనండి. ఆయన వాదన వినడానికి ముందు ఆయన ఉనికి తేలవలసి ఉన్నది."

సర్క్యులర్ నంబరు పదకొండులో అన్నిటికీ జవాబులున్నాయి. భార్య పోయిన పింఛనుదారులు పునర్వివాహం విషయం పరిశీలించవలెను. మహిళా పింఛనుదారులు బతికున్నట్టు తెలియడానికి వాళ్ల మొగుళ్లు పట్టే నోము ఏదీ దొరకలేదు గనక, వాళ్ల ఫైలు పండితుల సంఘానికి పంపారు. అక్కడ ఇంకా వెతుకుతున్నారు.

ఇక్కడ మంగతాయారు ఒక తప్పు చేసింది. నిజం చెప్పింది.

"నా నోము ఎప్పుడో తీరిపోయిందండి. పంతొమ్మిదేళ్ల కిందటే ఉద్యాపన చేసేసుకున్నాను. పదకొండుమంది ముత్తైదువల్ని పిలిచి, తలా పదకొండట్లు ఇచ్చాను. ఇస్తినమ్మ వాయనం అని నేనూ, పుచ్చుకుంటినమ్మ వాయనం అని వాళ్లూ కొంగు పట్టి అందుకోవడం కూడా అయిపోయింది. ఉద్యాపన అయ్యాక మళ్లీ పట్టక్కర్లేదు కదండీ."

గదిలో అందరూ రాయడం ఆపేశారు. చక్రధరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గున్నేశ్వరరావ్, ఉద్యాపన అంటే ఏమిటి?"

"ముగింపండి. సమాప్తి."

"అనగా, ఈమె భర్త ఆయుష్షుకు సంబంధించిన వ్రతమును పంతొమ్మిది సంవత్సరముల క్రితమే సమాప్తము గావించినారు. అటు పిమ్మట సదరు భర్త ఏ ప్రాతిపదికపై జీవించుచున్నారు?"

"అలవాటు కొద్దీ అనుకుంటానండి," అంది మంగతాయారు.

అలవాటు అనే ప్రాతిపదిక సర్క్యులర్‌లో లేదు. అందుకని 'ఉద్యాపన ఉపసంహరణ దరఖాస్తు' అని కొత్త ఫారం ఒకటి అప్పటికప్పుడు తయారు చేశారు. పైన ఉదహరించిన వ్రతాన్ని తొందరపడి ముగించినందుకు చింతిస్తున్నాననీ, ఇకమీదట ముగించననీ మంగతాయారు మూడు కాపీల మీద సంతకం పెట్టింది. ఆ తరవాత సంచీలోంచి డాక్టరు చీటీ తీసింది. ఈవిడ పొద్దంతా పస్తుంటే ప్రమాదం అని అందులో ఉంది.

చక్రధరరావు చీటీని చాలా గౌరవంగా చదివాడు. "ఆరోగ్య కారణముల మీద మినహాయింపు ఉన్నదమ్మా. క్లాజు తొమ్మిది. వితంతువులు వ్రతము చేయనక్కరలేదు."

"అది ఆరోగ్య కారణం ఎలా అయిందండి?"

"భర్త ఆరోగ్యమమ్మా," అన్నాడాయన జాలిగా.

తాతారావు ఆవిడని తీసుకుని ఇంటిదారి పట్టాడు. లాకు వంతెన దగ్గరికొచ్చాక ఆగి, "ఒద్దే మంగా. కన్ను పోతే పోయింది. ఇన్నాళ్లూ చూసింది చాల్లే. నువ్వు పస్తుంటే నీ చెయ్యీ కాలూ ఒణుకుద్ది, నాకు తెలవదా?" అన్నాడు.

"నా చెయ్యి వణికితే మీకు కనిపించాలి కదా. దానికోసమైనా ఆపరేషను అవ్వాలి. నడవండి."

తాతారావు చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బెల్లంముక్క కాగితంలో చుట్టి ఉంటుంది. ఆవిడకి షుగరు పడిపోయి కళ్లు తిరిగితే నోట్లో వెయ్యడానికి. పన్నెండేళ్లుగా ఆయన చొక్కాలకి చీమలు పడుతున్నాయి. ఆ రాత్రి పాత ముక్క తీసేసి పెద్ద ముక్క పెట్టుకున్నాడు.

అట్లతద్ది ముందురోజు సాయంత్రం గున్నేశ్వరరావు గోరింటాకు తనిఖీకి వచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో గోడరంగుల షాపు నుంచి తెచ్చిన రంగుల కార్డు. గోరింటాకు ఎంత ఎర్రగా పండితే మొగుడు అంత మంచివాడని ఊళ్లో ఆడవాళ్లు నవ్వులాటకి అనుకునే మాట, ఆఫీసులో క్లాజు నాలుగు కింద వచ్చింది. ఇటుకరంగు దాటితే మొగుడు సజీవుడు. లేత నారింజ దగ్గర ఆగితే పునఃపరిశీలన.

మంగతాయారు ఎడమచెయ్యి దానిమ్మ గింజలా పండింది. కుడిచెయ్యి పాలిపోయింది, అంట్లు తోముకోవాల్సి వచ్చి ముందే కడిగేసింది. గున్నేశ్వరరావు రెండు చేతుల పక్కనా కార్డు పెట్టి చూసి, చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఎడంచెయ్యి ప్రకారం మీ ఆయనకి పూర్ణాయుష్షండి. కుడిచెయ్యి ప్రకారం పరిస్థితి బాలేదు. ఏం రాయమంటారు?"

"కళ్లు తప్ప అన్నీ బావున్నాయని రాయండి."

అలాగే రాసుకున్నాడు. అది ఆ ఫైలు మొత్తంలో ఉన్న ఒకే ఒక్క నిజం.

మర్నాడు తెల్లవారకముందే మళ్లీ వచ్చాడు. నోము పట్టినవాళ్లు పొద్దు పొడవకముందే తినేసి, ఆపైన చంద్రుడు కనిపించేదాకా ఏమీ ముట్టకూడదు గదా. తిన్నదా లేదా, ఏ వేళకి తిన్నది అని రాసుకోవాలి. మంగతాయారు చద్దన్నంలో గోంగూరపచ్చడి కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని, పైన గడ్డపెరుగు వేసుకుంది. గున్నేశ్వరరావు ఫైలు వంక చూస్తూ గుటకలు మింగాడు. చూడలేక ఆయనకీ వడ్డించింది. మూడుసార్లు పెట్టించుకున్నాడు. 'ఉపవాసపూర్వ భోజనము సంతృప్తికరము' అని రాసి, వేళ్లు నాక్కుని, ముద్ర వేశాడు.

"పదింటికి మాత్ర వేసుకోవచ్చాండి?" అని అడిగిందావిడ.

గున్నేశ్వరరావు చక్రధరరావుకి ఫోను చేశాడు. చాలాసేపు 'ఆయ్, ఆయ్' అని విన్నాడు. ఫోను పెట్టేసి, "మాత్ర ఘనపదార్థమటండి. నోటిలోకి పోయే ఘనపదార్థం ఏదైనా ఆహారమేనటండి," అన్నాడు. పోయేముందు గుమ్మంలో ఆగి, "మీ గోంగూర బావుందండి. నిజానికి నాకు ఇదంతా నచ్చదు," అని కూడా అన్నాడు. ఏది నచ్చదో చెప్పకుండానే సైకిలెక్కేశాడు.

మధ్యాహ్నం మూడింటికి నోము ఆడవాళ్లందరూ ఆఫీసు ఆవరణలో హాజరవ్వాలి. నలభై మందికి పైగా వచ్చారు. అరవై దాటినవాళ్లే అందరూ, తలా ఒక స్టీలు క్యారియరు, అందులో పదకొండట్లు. గున్నేశ్వరరావు స్కేలు పట్టుకుని అట్ల వెడల్పు కొలిచాడు. అతి పల్చగా ఉన్న అట్లు భర్త ఆయుష్షు పట్ల అశ్రద్ధగా పరిగణింపబడునని మైకులో హెచ్చరించారు.

మొగుళ్లందరినీ పక్కన వేరే షామియానా కింద కూర్చోబెట్టి, చుట్టూ తాడు కట్టారు. 'ధ్రువీకరణ పెండింగ్‌లో ఉన్నవారు' అని బోర్డు. అందరికీ టీ ఇచ్చి వాళ్లకి ఇవ్వలేదు. ఉన్నారో లేరో తేలనివాళ్లకి టీ ఇచ్చే నిబంధన లేదు. తహసిల్దారుగా చేసిన పెద్దాయన తాడు దగ్గరికొచ్చి, తన సర్వీసులో ఇంతకంటే అన్యాయమైన సర్క్యులర్లు తనే ఇచ్చానని, కానీ టీ ఎప్పుడూ ఆపలేదని అన్నాడు.

ఆ తరవాత ఉయ్యాలలు. అట్లతద్దినాడు పదకొండుసార్లు ఉయ్యాల ఊగాలి. పదేళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, చీకటిపడేదాకా దిగకుండా ఊగినవాళ్లే వీళ్లంతా. ఇప్పుడు ఆఫీసు వేపచెట్టుకి తాడు కట్టి, వరసలో నిలబెట్టి, పేరు పిలిచి, ఊపు ఊపుకీ టిక్కు పెడుతున్నారు. మోకాళ్ల నొప్పులతో ఎక్కలేనివాళ్ల ముందు ఖాళీ ఉయ్యాల పదకొండుసార్లు ఊపి, వాళ్లు ఊగినట్టు రాసుకున్నారు. చక్రధరరావు మెట్ల మీద నిలబడి, కళ్లు చెమర్చి, "మన సంస్కృతి సజీవంగా ఉన్నది," అన్నాడు. సంస్కృతిని వేలిముద్ర అడిగినవాళ్లు లేరు.

మంగతాయారు పేరు పిలిచేసరికి అయిదున్నర. ఆకాశం నిండా మబ్బు. చంద్రుడు రావాల్సిన వేళకి ఇంకా రెండు గంటలుంది, ఈ మబ్బులో వచ్చినా కనిపిస్తాడో లేదో. పొద్దున్నుంచి తిండి లేదు, గుక్కెడు నీళ్లు లేవు. ఉయ్యాల ఎక్కుతుంటేనే వేళ్ల చివళ్లు తిమ్మిరెక్కాయి. ఎనిమిదోదో తొమ్మిదోదో ఊపులో వేపచెట్టు పక్కకి వాలినట్టనిపించింది. ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది.

"ఏవండీ," అంది. గట్టిగా అన్నాననుకుంది గానీ పక్కనున్న గున్నేశ్వరరావుకే సరిగ్గా వినిపించలేదు.

తాతారావుకి వినిపించింది. కళ్లు మసకబారాక ఆయన చెవులు కుక్కచెవుల్లా అయ్యాయి. లేచి, షామియానా గుంజని గుద్దుకుని, తాడు దాటబోయి దాంతోపాటు బోర్డుని కూడా ఈడ్చుకుంటూ, చేతులు చాచుకుని ఆవిడ గొంతు వచ్చిన వైపుకి వచ్చేశాడు. వస్తూనే జేబులోంచి పొట్లం విప్పాడు.

"ఒద్దండి, ఒద్దండి తాతారావుగారూ," అన్నాడు గున్నేశ్వరరావు అడ్డం వచ్చి. "ఇంకా రెండు ఊపులే. చంద్రుడింకా రాలేదు. ఇప్పుడు పెడితే మీరు ఉండరు."

"చంద్రుడు ఇయ్యాల రాకపోతే రేపొత్తాడు. తప్పుకో బాబూ," అని, గున్నేశ్వరరావుని పక్కకి నెట్టి, తడుముకుని ఆవిడ నోరు వెతికి బెల్లం పెట్టేశాడు. పెట్టి, ఉయ్యాల తాడు రెండు చేతులా పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి పొదివినట్టు ఆవిడ తలని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. ఆయన చేతులు వణుకుతున్నాయని మంగతాయారుకి తెలిసింది. తనవే అనుకుంది ముందు.

గున్నేశ్వరరావు వాచీ చూసుకుని, ఫైల్లో రాశాడు. సాయంత్రం అయిదూ నలభై రెండు.

పావుగంటలో ఆవిడ తేరుకుంది. ఈలోగా చక్రధరరావు విచారణ మొదలుపెట్టాడు.

"వ్రతభంగము జరిగినట్లు నివేదిక అందినది. మీ నోటిలో సదరు బెల్లము వేసినదెవరు?"

"మా ఆయనండి."

"అనగా మృతుడు."

"వేసేటప్పుడు బతికే ఉన్నారండి."

చక్రధరరావు ఆలోచించాడు. "కావచ్చును. వ్రతభంగము జరిగిన క్షణమునుండియే అమలులోకి వచ్చును. అయిదూ నలభై రెండుకి ముందు జరిగిన వాటికి మేము అభ్యంతరం చెప్పము." లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు. "మీకు నా ప్రగాఢ సానుభూతి. వారు చాలా మంచివారని విన్నాను."

తాతారావు తుండుతో ఆవిడ మొహం తుడుస్తున్నాడు. "ఈవిడ అలా వాలిపోయినప్పుడు నేను నిజంగానే పోయాననుకున్నానండి," అన్నాడు చక్రధరరావుతో. "మీరన్న టయిము కరెక్టే."

మంగతాయారుకి ఏడుపొచ్చింది. పస్తు వల్లో, బెల్లం వల్లో, ఆ మాట వల్లో తెలీదు. కన్ను పోయినట్టేననుకుంది. ఇంత చేసీ, అన్నీ పాటించీ, ఆఖరికి మనిషిని చంపుకున్నాననుకుంది. కళ్లు తుడుచుకుని, "ఇప్పుడేం చెయ్యాలండి?" అని అడిగింది.

"పక్క కిటికీకి వెళ్లండి. మరణం నమోదు చేయించుకోవలెను."

మృతుల కిటికీలో లలితాంబిక అనే అమ్మాయి కూర్చుని ఉంది. ముప్ఫై ఉంటాయేమో. రెండు చేతులా గోరింటాకు నల్లగా పండింది. ఆ అమ్మాయీ పొద్దున్నుంచీ పస్తే. కాని తన మొగుడు ఇంకా పింఛను వయసుకి రాలేదు గనక తన నోముని ఎవరూ తనిఖీ చెయ్యలేదు. అందుకే ఆ అమ్మాయి ముఖం మాత్రం నోము పట్టినట్టు కళకళలాడుతోంది.

"కూర్చోండి పిన్నిగారూ. ముందు నీళ్లు తాగండి," అని గ్లాసు అందించింది. ఫారం తీసి చదవడం మొదలుపెట్టింది. "పోయినాయన పేరు తాతారావుగారు. పోయిన వేళ అయిదూ నలభై రెండు. కారణం..." కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూసింది. "బెల్లం అని రాశారేంటండి?"

"అదే కారణం అమ్మా. రాసేసుకో."

"సరేనండి. ఇక్కడ ఒక సాక్షి కావాలి. పోయినాయన్ని బాగా ఎరిగున్నవాళ్లు ఎవరైనా. సాక్షి బతికుండాలి, స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలి. వేస్తే ఒక రసీదు వస్తుంది, ముద్ర వేసి ఇస్తాను."

మంగతాయారు గ్లాసు కింద పెట్టింది. "ఆ రసీదులో ఏముంటుందమ్మా?"

"సాక్షి పేరు, ఊరు, కార్డు నంబరు. ఫలానా సాక్షి స్వయంగా హాజరైనారు, జీవించి ఉన్నట్లు ధ్రువీకరించడమైనది అని."

"ఈ ఆఫీసు ముద్రతోనే?"

"ఇంకే ముద్ర ఉంటుందండి."

మంగతాయారు పక్కకి తిరిగి మొగుణ్ణి చూసింది. ఆయన వేళ్లకి అంటుకున్న బెల్లం నాక్కుంటున్నాడు.

"సాక్షికీ పోయినాయనకీ పేరు ఒకటే అయితే ఫర్వాలేదా?"

"మన ఊళ్లో ఒక్కో పేరు పదిమందికి ఉంటుంది కదండీ."

"బాగా ఎరిగున్నవాడంటే, ఈయన కంటే ఎరిగున్నవాడు లేడమ్మా. పుట్టినప్పణ్ణుంచీ వెంటే ఉన్నాడు."

లలితాంబిక ఆయన వంకా, ఆవిడ వంకా, చేతిలో ఫారం వంకా చూసింది. సొరుగు తెరిచి మిషను తీసింది. దాని అంచుల మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తియ్యలేదు.

"వేళ్లు అరిగిపోయాయమ్మా ఈయనకి. చక్రం తిప్పీ తిప్పీ," అంది మంగతాయారు. ఆశపడడానికి భయమేసింది ఆవిడకి.

"పెట్టనివ్వండి చూద్దాం. తడిగుడ్డతో బెల్లం తుడిచి పెట్టండి బాబాయిగారూ."

తాతారావు బొటనవేలు పెట్టాడు. మిషను ఒక్కసారి కూసి, పచ్చలైటు వెలిగించింది.

ముగ్గురూ ఆ లైటు వంక చూస్తూ ఉండిపోయారు. తాతారావుకి కనిపించింది పచ్చటి మసకే, అయినా ఆయనా చూశాడు.

"ఇది కొత్త మిషనా?" అంది మంగతాయారు.

"రెండూ ఒకే రోజు కొన్నారండి, నాలుగేళ్లయింది. ఇటు ఎవరూ వేలు పెట్టరు కదా, చచ్చిపోయినవాళ్లు. ఏడాదికి ఒకరో ఇద్దరో సాక్షులు వస్తారు. అటు కిటికీ మిషనుకి వేలమంది రుద్దీ రుద్దీ అద్దం గీతలు పడిపోయింది. అరిగింది మీ ఆయన వేళ్లు కాదు పిన్నిగారూ, దాని అద్దం. మార్చమని మూడుసార్లు రాశాను."

"ఏమన్నారు?"

"అంతకంటే శాశ్వత పరిష్కారం ఆలోచిస్తున్నామన్నారండి."

ఈలోగా మిషను కూత విని చక్రధరరావు వచ్చాడు. కాగితం చూశాడు, మనిషిని చూశాడు. ఆ ఆఫీసులో ఆయన తాతారావు ముఖం వంక చూడడం అదే మొదటిసారి.

"ఒకే వ్యక్తి మృతుడూ, తన మృతికి తానే సాక్షీ ఎట్లు కాగలరు?"

"అది మీరే తేల్చాలండి," అంది మంగతాయారు. "సాక్షి సజీవుడని మీ మిషను చెప్పింది, మీ ముద్ర పడింది. పోయారని మీ సర్క్యులర్ చెప్పింది. రెంటిలో ఒకటి తప్పయి ఉండాలి. ఏది తప్పో పైకి రాయండి, జవాబు వచ్చేదాకా మేం ఆగుతాం. ఆపరేషను ఆగదు గనక అది మాత్రం రేపు చేయించేసుకుంటాం."

సర్క్యులర్ తప్పని రాయడం చక్రధరరావుకి చేతకాదు. అద్దం అరిగిందని రాస్తే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. చాలాసేపు కిటికీలోంచి ఉయ్యాల వంక చూశాడు. అప్పుడు ఆయన ముఖం మెల్లిగా విప్పారింది. "గున్నేశ్వరరావ్," అన్నాడు, "రాయి. వ్రత పథకములో పాల్గొన్న మొదటి దినముననే ఒక పింఛనుదారుని సజీవత్వము విజయవంతముగా ధ్రువీకరింపబడినది. మరణపు దరఖాస్తును, దహనము రసీదు జతపరచనందున, పెండింగ్‌లో ఉంచడమైనది." చెప్పి, తృప్తిగా తన గదికి వెళ్లిపోయాడు. గున్నేశ్వరరావు అలాగే రాశాడు. రాసి, షామియానాలో ఉన్న మొగుళ్లందరికీ మృతుల కిటికీలో సాక్షుల మిషను ఎటో వేలెత్తి చూపించడానికి వెళ్లాడు.

లలితాంబిక రసీదుకి ముద్ర కొట్టి, రెండు చేతులా పట్టుకుని కిటికీలోంచి ముందుకి చాచింది. ఒక్క క్షణం ఆగి, నవ్వు ఆపుకుంటూ అంది.

"ఇస్తినమ్మ వాయనం."

మంగతాయారు కొంగు పట్టింది. "పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఆ కాగితాన్ని కొంగులో ముడేసుకుని, స్టీలు క్యారియరు కిటికీలో పెట్టింది. పదకొండట్లూ ఉన్నాయి. గున్నేశ్వరరావు కొలతకి నిలబడ్డవే. "చంద్రుణ్ణి చూశాక తినమ్మా. నీది నిజం నోము," అంది.

బయటికి వచ్చేసరికి బాగా మసకపడింది. తాతారావు ఆవిడ భుజం పట్టుకుని నడుస్తున్నాడు. ఎవరు ఎవరికి ఆసరానో చూసేవాళ్లకి తెలిసేది కాదు.

"ఇంతకీ కాయితంలో ఏం రాశారే?"

"సాక్షి సజీవుడు అని."

"మరి నేను?"

"మీరు పెండింగు."

ఆయన కాసేపు ఆలోచించి, అది ఫర్వాలేదన్నాడు. లాకు వంతెన మీదికి వచ్చాక ఇద్దరూ ఆగారు. పెళ్లయిన కొత్తలో అట్లతద్దినాడు ఈ వంతెన ఎక్కి చంద్రుడి కోసం చూసేవాడు తాతారావు. ఆవిడ ఆకలి చూడలేక, ఇంకా తూరుపు తెల్లబడకుండానే వచ్చేశాడు వచ్చేశాడు అని కేకేసేవాడు. అబద్ధమని తెలిసీ ఆవిడ అట్టు తుంచుకునేది. దొంగచంద్రుణ్ణి చూసి తింటే ముసలిమొగుడు వస్తాడని నోము కథలో ఉంది. వచ్చాడు కూడా, కాకపోతే నలభై అయిదేళ్లు పట్టింది.

మబ్బు కొంచెం విడుతున్నట్టుంది. తాతారావు అలవాటుగా తూరుపు వైపు తలెత్తాడు. ఆయనకి మబ్బూ చంద్రుడూ ఒకటే తెలుపు.

"చంద్రుడొచ్చాడా మంగా?"

మంగతాయారు అటు చూడలేదు. కొంగు ముడి ఒకసారి తడిమి చూసుకుంది.

"నేను చెప్పను. వచ్చే ఏడు మీరే చూసి చెబుదురు గాని. ఈసారి నిజం చెప్పండి."